పిడికి కట్టిన తువ్వాలు

చదివేవాళ్ళు మొదటే నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక. ఒక చోట పడాల్సిన ఒత్తు ఇంకో చోట పడుతుంది. ఒక కాగితం నింపడానికి ఒక మధ్యాహ్నమంతా పడుతుంది. నా రాత చూసి మనవరాలు కోడి గీకినట్టుంది అంటుంది. ఎవరికైనా చెప్పి రాయిస్తే ఇంతకంటే బాగా రాస్తారు. కానీ మధ్యలో ఎక్కడో ఆగి, "ఇది అక్కర్లేదులే అమ్మా" అని తువ్వాలు సంగతి తీసేస్తారు. ఇంతకు ముందు అట్లాగే తీసేశారు. అందుకని నేనే రాస్తున్నాను.

మా ఆయన పేరు దొరస్వామి. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వడమాలపేట నుంచి లోపలికి పోతే వచ్చే మా ఊరు కండ్రిగకూ, చుట్టుపక్కల ఊళ్ళకూ ఆయన ఒక్కడే. గాలికి తీగ తెగినా, పిడుగుకు ఇన్సులేటరు పగిలినా, బావుల దగ్గర ఫ్యూజులు పోయినా, మా ఇంటి ముందుకొచ్చి "దొరన్నా" అని ఒక కేక వేసేవాళ్ళు. కంచం ముందు కూర్చున్నా లేచి పోయేవాడు. ఆయన పోయిన దారినే చూస్తూ ఉండేదాన్ని. నాకు కావాల్సింది ఒకటే. ఎక్కిన మనిషి దిగి ఇంటికి రావాలి.

మా పొలాల ట్రాన్స్‌ఫార్మర్‌కు పెద్ద లైను నుంచి ఒక చిన్న లైను చీలి వస్తుంది. ఆ చీలిక దగ్గర, రోడ్డు పక్కన, జంట స్తంభాల మీద ఒక స్విచ్ ఉంది. ఏబీ స్విచ్ అంటారు. పైనుంచి ఒక ఇనుప కడ్డీ స్తంభం వెంబడి దిగి, మనిషి నడుము ఎత్తులో ఒక పిడితో ఆగుతుంది. పిడి కిందికి లాగితే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆగిపోతుంది, పైకెత్తితే వస్తుంది. అది లైన్‌మన్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడని పిడి. దానికి తాళం కూడా ఉండాలట. మా పిడికి తాళం పట్టే చోటు తుప్పు పట్టి విరిగిపోయి చాలా కాలమైంది. లైన్‌మన్ వచ్చేదాకా కాచుకుంటే మడి ఎండిపోతుందని రైతులే పిడి లాగి, ఫ్యూజు తీగ చుట్టుకుని, మళ్ళీ పిడి ఎత్తుకునేవాళ్ళు. తప్పే. ఊరికీ తెలుసు, ఆఫీసుకూ తెలుసు.

అక్కడ ఉన్న చిక్కంతా ఏమిటంటే, పిడి రోడ్డు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ చెరుకు తోటల అవతల. చెరుకు ఎదిగిందంటే పిడి దగ్గర నిలబడ్డ మనిషికి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరున్నారో కనిపించదు.

అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పిడి లాగాక తన భుజం మీది తువ్వాలు తీసి దానికి కట్టేవాడు. నగరి మగ్గాల తువ్వాలు, ఎర్ర అంచుది. ఆ తువ్వాలు పిడికి ఉందంటే దొరస్వామి పైన ఉన్నాడని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. కట్టినవాడే విప్పాలి. ఇంకెవరూ కట్టకూడదు, విప్పకూడదు. చెరుకు తోట ఏకాంబరం అయితే తువ్వాలు కనిపిస్తే చాలు, పార పక్కన పెట్టి పిడి కింద చతికిలబడేవాడు. మా ఆయన దిగి వచ్చేదాకా అక్కడే బీడీ కాల్చుకుంటూ, వచ్చేపోయేవాళ్ళతో వాదాలు పెట్టుకుంటూ ఉండేవాడు. "నీ తువ్వాలుకు కాపలా కాసి కాసి నా ముడ్డి కింద గడ్డి మొలవకుండా పోయిందన్నా" అనేవాడు. ఆ మాట విన్న రోజు నేను నిశ్చింతగా పొయ్యి ముట్టించేదాన్ని.

రెండువేల ఒకటిలో అనుకుంటా, ఆఫీసువాళ్ళు లైన్‌మన్లకు తిరుపతిలో శిక్షణ పెట్టారు. ప్రమాదాలు జరగకుండా పని చేయడం ఎట్లా అని కొంత, ఊరికి వచ్చిన కరెంటు ఎంత, బిల్లు పడింది ఎంత, మధ్యలో పోయింది ఎంత అని లెక్క తీయడం ఎట్లా అని కొంత. దాన్ని ఎనర్జీ ఆడిట్ అంటారని ఆయనే చెప్పాడు. శిక్షణ ముగించుకుని వచ్చిన సాయంత్రం గుడ్డ సంచిలోంచి పసుపుపచ్చ టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

"సూడు ప్రసన్నా, మీ అమ్మ ఏఈ మాదిరి ఉండాది."

మా కూతురు ప్రసన్నకుమారి పడీ పడీ నవ్వింది. నేను టోపీ తీసి గూట్లో పెట్టాను.

"ఏం నేర్పించినారయ్యా?"

"నిండా నేర్పించినారు మే. కరెంటు తీసినంక తీగకు ఎర్తు కడ్డీలు తగిలించి, తర్వాత ఎక్కాలంట. అప్పుడు ఎవుడన్నా తెలీక పిడి ఎత్తినా, పైనుండే మనిషికి ఏమీ కాదంట."

"మరి ఆ కడ్డీలు ఇచ్చినారా?"

"సెక్షనుకంతా ఒక జత. ఆఫీసులో ఉంటాది. కావాల్సినోడు పొయ్యి తెచ్చుకోవాల."

"నీకేమి ఇచ్చినారు?"

"నాకు బోర్డు ఇచ్చినారు."

ఎర్ర రేకు బోర్డు అది. మీద పుర్రె బొమ్మ, తెల్ల అక్షరాలు. పుర్రె బొమ్మ మా ఊళ్ళో ప్రతి స్తంభానికీ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్క చేయరు. అక్షరాల కింద వేలు పెట్టి ఆయన చదివి వినిపించాడు. "లైను మీద మనుషులు పని చేస్తున్నారు. స్విచ్ వేయరాదు." కింద అదే ఇంగ్లీషులో ఉందట.

"ఇంకమీద పిడికి ఇదే కట్టాల. తువ్వాలు వద్దన్నారు."

"ఎందుకు?"

ఆయన బోర్డు గోడకు ఆనించాడు. తర్వాత చెప్పాడు. క్లాసులో పాఠం చెప్పే సారు ఒక్కొక్కరినీ లేపి, స్విచ్ తీశాక గుర్తు ఏం పెడతారని అడిగాడట. ఈయన లేచి తువ్వాలు అన్నాడు. హాలంతా నవ్వింది. నాయుడుపేట పక్క నుంచి వచ్చినవాడొకడు "మరి తల తుడుసుకునేదానికి ఏం పెట్టుకుంటావన్నా?" అన్నాడట. మా సెక్షను ఇంజనీరు, ఏఈ గుణశేఖర్ సారు వెనక బెంచీలో ఉన్నాడు. బయటికి వచ్చాక "సెక్షను పరువు తీసినావు గదా దొరస్వామీ" అన్నాడట.

"పాఠం చెప్పినాయన మాత్రం నవ్వలేదు మే. గుడ్డ గాలికి పోతాది, వానకు తడిసి జారిపోతాది, ఇంకో ఊరి నుంచి వచ్చినోడికి నీ తువ్వాలు ఏం తెలుస్తాది అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే గదా."

న్యాయమే. ఇప్పటికీ అందులో నేను తప్పు పట్టను.

"మన ఊళ్ళో బోర్డు ఎవురు చదువుతారు?" అన్నాను.

"చదవనోళ్ళకు నోటితో చెప్తా. రేపే చెప్తా."

మరుసటి రోజు చెప్పడానికే పోయాడు. చెంగమ్మ బంకు దగ్గర పొద్దున పూట నలుగురూ ఉంటారు. నేను చింతపండుకు పోయి అక్కడే ఉన్నాను. ఈయన చంకలో బోర్డు పెట్టుకుని వస్తుంటే ఏకాంబరం దూరం నుంచే మొదలుపెట్టాడు.

"ఏందన్నా, ఎలక్షన్లలో నిలబడతాండావా? గుర్తు పుర్రెనా?"

"నీ ఓటు నమ్ముకుని నిలబడే పుర్రె నాది కాదులేబ్బా. ఇట్లా రా, సూడు. ఇంకమీద తువ్వాలు బదులు..."

అంతవరకే అన్నాడు. ఆఫీసు జీపు వచ్చి ఆగింది. గుణశేఖర్ సారు జీపులోంచే, పొలాల ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెడుతున్నామని చెప్పాడు. కుర్రవాడు, పాపం, అంతకు ముందు మూడు ఊళ్ళల్లో ఇదే మాట చెప్పి, తిట్లు తిని వచ్చాడని తర్వాత తెలిసింది. అప్పటికే కరెంటు రేట్లు పెరిగాయని ఊళ్ళు మండుతున్నాయి.

"మా మోటర్లకు బిల్లు వేసేదానికా సామీ?" అన్నాడు ఏకాంబరం.

"కాదప్పా. ఇది లెక్క కోసం. ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అని."

"బిల్లు వెయ్యనోళ్ళకు లెక్క ఎందుకు? మేము బర్రె పాలు సెంబుతో కొలిచేది తాగేదానికా, అమ్మేదానికా?"

అందరూ నవ్వారు. సారు మొహం ఎర్రబడింది.

"మీటరు పెట్టనీకుండా అడ్డం వస్తే ఏమవుతాదో తెలుసా? సప్లై కట్ చేసి, అదిగో ఆ బోర్డు పెట్టి పోతాం. మళ్ళా నా ఆఫీసు సుట్టూ తిరగాల మీరు!"

సారు మా ఆయన చంకలోని బోర్డు వైపు వేలు చూపించాడు. అందరూ బోర్డు వైపు చూశారు.

"సార్, ఈ బోర్డు దానికి కాదు సార్..." అని మా ఆయన అంటూనే ఉన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఏకాంబరం అప్పటికే పైకి లేచి అరుస్తున్నాడు. "పెట్టు సూద్దాం! ఆ బోర్డు పెడితే నేనే పీకి చెరువులో పారేస్తా!"

జీపు పోయాక ఏకాంబరం మా ఆయన మొహం చూడకుండా అన్నాడు, "నువ్వూ ఆళ్ళ పక్కేనా దొరన్నా."

"నేను యా పక్కా కాదురా. నా మాట ఇను."

"ఇన్నాను. ఇంత కాలం ఇన్నాను." పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను మళ్ళీ అడిగాను. "బోర్డు సంగతి ఏకాంబరానికైనా చెప్పకూడదా?"

"ఇప్పుడు పోతే కొట్లాట అవుతాది మే. రెండు దినాలు పోనీ. కోపం తగ్గితే వాడే వస్తాడు."

మీటరు ఆ రెండు రోజులు ఆగలేదు.

ఆడి నెల, ఆషాఢం. గాలి తిరగబడి కొడుతోంది. రోడ్డు పక్కన మా చెనిక్కాయల, అదే వేరుశనగ, చేలో నేనూ, ఇంకొందరు ఆడవాళ్ళూ కలుపు తీస్తున్నాం. జీపు వచ్చి జంట స్తంభాల దగ్గర ఆగింది. మా ఆయన దిగి పిడి లాగాడు. ఎర్తు కడ్డీలు తెచ్చారా అని నేను చూశాను. లేవు. ఇంకో ఊళ్ళో కొత్త లైను లాగుతుంటే అక్కడికి పోయాయట. బోర్డును తీగతో పిడికి కట్టాడు. దాని పక్కనే అలవాటుగా తువ్వాలు కూడా కట్టాడు. అది చూసి నేను మళ్ళీ వంగి కలుపు మీద పడ్డాను.

గుణశేఖర్ సారు చేతిలో కెమెరా ఉంది.

"ఆ గుడ్డ తియ్యి దొరస్వామీ."

"సార్, ఊరోళ్ళకు ఇదే గుర్తు సార్. రెండూ ఉండనీండి."

"ఈ ఫొటో తిరుపతికి పోతాది. శిక్షణ ఇచ్చినట్టే చేస్తాండారా లేదా అని సూస్తారు. దీంట్లో మళ్ళా తువ్వాలు కనిపిస్తే నన్ను ఏమంటారు? ఫొటో అయినంక కట్టుకో, నేను వద్దన్నానా?"

మా ఆయన తువ్వాలు విప్పాడు. "టోపీ పెట్టుకో, పిడి పక్కన నిలబడు" అంటే నిలబడ్డాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. బొమ్మ తీశారు. గాలికి బోర్డు తిరిగిపోయిందని మళ్ళీ తీశారు.

"ఎక్కు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ దించి పోతా. ఇంకా రెండు ఊళ్ళుండాయి."

"ఒక్క నిమిషం సార్, ఇది కట్టేసి..."

"బోర్డు ఉండాది గదప్పా! ఎక్కు."

తువ్వాలు భుజాన వేసుకుని ఆయన జీపు ఎక్కాడు. నేను నిటారుగా లేచి చూశాను. బండిబాట వెంబడి జీపు చెరుకులోకి పోయింది. మీటరు సామాను దించుకుని, జీపు వెళ్ళిపోయాక నడిచి వచ్చి తువ్వాలు కట్టిపోతాడని నా మనసుకు నేనే చెప్పుకున్నాను. ఆయన అట్లాంటి మనిషే. కానీ జీపులో ఒకసారి ఎక్కించి దించాక, పని ముందు పెట్టుకుని, ఒంటరిగా ఉన్న మనిషి, బోర్డు ఎట్లాగూ ఉంది కదా అనుకుని ఉంటాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు.

సాలు తర్వాత సాలు తీసుకుంటూ మేము చేను అవతలి గెనిమ గట్టు దాకా పోయాం. నడుము పట్టేసి లేచి నిలబడితే, రోడ్డు మీద ఏకాంబరం కనిపించాడు. భుజాన పార. మోటరు ఆగిపోయింది కాబట్టి పిడి చూడడానికి వచ్చాడు. జంట స్తంభాల ముందు ఆగాడు.

"ఏకాంబరం!" అని అరిచాను.

గాలి అటు నుంచి ఇటు కొడుతోంది. నా కేక నా వెనక్కే పోయింది. పరుగెత్తాను. చెనిక్కాయల చేలో పరుగు రాదు, తీగలు కాళ్ళకు చుట్టుకుంటాయి. పరుగెత్తుతూనే చూస్తున్నాను. అతను బోర్డు వైపు చూశాడు. ఉమ్మేశాడు. తర్వాత చెయ్యి పెట్టి బోర్డు పక్కకు జరిపి, పిడిని చూశాడు. పిడి వెనక వంగి చూశాడు. గాలికి పడిపోయిందేమోనని స్తంభం మొదట్లో గడ్డిలో కూడా చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. చెరుకు వైపు ఒకసారి చూశాడు. చెరుకు తప్ప ఏం కనిపిస్తుంది?

"ఒద్దురా! ఒద్దు! పైన ఉండాడు!"

నా వెనక ఆడవాళ్ళు కూడా అరుస్తున్నారు. అందరి గొంతులూ గాలి వెనక్కి తోసేసింది.

పిడి ఎత్తాడు.

చెరుకు అవతల ఠప్పుమని ఒక శబ్దం. ఏకాంబరం ఉలిక్కిపడి, అప్పుడు ఇటు తిరిగి నన్ను చూశాడు. నేను ఏమని అరుస్తున్నానో అప్పటికి అతనికి వినపడింది. చేతిలోని పార జారిపోయింది. పిడి మళ్ళీ కిందికి లాగి, చెరుకులో పడి పరుగెత్తాడు. నాకంటే ముందు అతనే చేరాడు.

నేను పోయేసరికి మా ఆయనను దించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఛాతీ మీద రెండు చేతులతో రుద్దుతున్నాడు. నోట్లో ఊదుతున్నాడు. టోపీ పక్కన పడి ఉంది. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది.

"తువ్వాలు లేదు వదినా," అన్నాడు నన్ను చూసి. "నేను సూసినాను. కింద గడ్డిలో కూడా సూసినాను. తువ్వాలు లేదు."

"లేదు," అన్నాను. 

తర్వాతవి త్వరగా రాస్తాను. పోలీసులు ఏకాంబరాన్ని పట్టుకుపోయారు. బంకు దగ్గర అతను అన్న మాటలు వినని వాళ్ళు లేరు. మీటరు మీది కోపంతో, బోర్డు ఉన్నా లెక్కచేయకుండా పిడి ఎత్తాడని కేసు. ఆఫీసు తరఫున విచారణకు ఒక పెద్దాయన వచ్చాడు. మర్యాదస్తుడు. మంచం మీద కూర్చోమన్నా నేల మీదే కూర్చున్నాడు. ఆ ఫొటో నా ముందు పెట్టాడు.

"అమ్మా, బోర్డు ఉండిందా?"

"ఉండింది సార్. కానీ తువ్వాలు..."

"అతను పిడి ఎత్తింది నువ్వు చూసినావా?"

"చూసినాను సార్. ఎత్తేముందు అతను తువ్వాలు కోసం..."

"అడిగిందానికి మాత్రం చెప్పమ్మా. మిగతావి కాగితం మీదికి రావు."

గుణశేఖర్ సారు వాకిట్లో నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను, ఒక మాట అంటాడేమోనని. ఆయన తల వంచుకుని చెప్పు కాలితో మట్టి గీస్తున్నాడు. ఆయనకు కొత్తగా పెళ్ళయింది. తర్వాత ఎక్కడికో మార్చారు. చిత్తూరు కోర్టులో కూడా అంతే జరిగింది. చూసింది చెప్పమన్నారు, చెప్పాను. తువ్వాలు దగ్గరకు వచ్చేసరికి ఒక వకీలు కాకపోతే ఇంకో వకీలు చెయ్యి ఎత్తేవాడు.

ఏకాంబరం పెళ్ళాం సుబ్బులమ్మ ఒక పొద్దున మా ఇంటికి వచ్చి గడప బయట కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, మా ఇంటాయనకు సదువు రాదని ఆళ్ళకు నువ్వన్నా సెప్పు."

"చెప్పినాను సుబ్బులూ. నాకూ రాదు గదా. రానోళ్ళ మాట ఎవురు రాసుకుంటారు?"

ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. ఆమె నన్ను తిట్టలేదు, నేను ఆమెను తిట్టలేదు. తిట్టుకుంటే బాగుండునేమో.

ఏకాంబరం కొంతకాలం జైల్లో ఉండి వచ్చాడు. నాకు ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. నేను ఊడ్చే గదిలో, గోడకు, ఆ ఫొటో పెద్దది చేసి అంటించారు. పిడి, ఎర్ర బోర్డు, పక్కన టోపీతో మా ఆయన. ఒక చెయ్యి వెనక్కి. కింద ఏదో రాసి ఉంది. శిక్షణకు పోయే ప్రతి జట్టుకూ దాన్ని చూపించేవాళ్ళు. రోజూ ఆ గోడ తుడిచేదాన్ని, ఏం రాసి ఉందో తెలిసేది కాదు. ఎవరినైనా అడిగితే చెప్పేవాళ్ళే. అడగాలనిపించలేదు. వడమాలపేటలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెడితే పోయి కూర్చున్నాను. గుణింతాలు దాటి, ఒత్తులు దాటి, ఒక పొద్దున చీపురు పట్టుకుని నిలబడి ఆ వరస చదివాను. "సురక్షితంగా పని చేసే పద్ధతి" అని ఉంది.

కొత్త ఏఈ మంచివాడు. ఆయనకు చెప్పి చూశాను. "సార్, వెనక పెట్టుకున్న ఆ చేతిలో తువ్వాలు ఉండాది. అది పిడికి ఉంటే మా ఆయన ఉండేవాడు. మీరు చెప్పే పిల్లోళ్ళకు ఒక మాట చెప్పండి. యా ఊరికి పోతే ఆ ఊరోళ్ళకు ఏ గుర్తు తెలుసో అడిగి, బోర్డుతోపాటు అది కూడా కట్టమనండి." ఆయన చివరిదాకా విన్నాడు. "నిజమే అమ్మా. కానీ రూల్లో లేనిది నేనెట్లా చెప్పేది?" అన్నాడు. టీ గ్లాసు నా చేతికి ఇచ్చాడు. నేను కడగడానికి తీసుకుపోయాను.

పోయిన ఏడు మా ఆయన తద్దినానికి కండ్రిగకు పోయాను. బస్సు దిగి నడుస్తుంటే జంట స్తంభాల దగ్గర, రోడ్డుకు అవతలి పక్కన, ఏకాంబరం కూర్చుని ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. కొత్త లైన్‌మన్ పైన పని చేస్తున్నాడట. పిడికి ఆ పాత బోర్డే వేలాడుతోంది, ఎరుపు వెలిసి, ఒక మూల తుప్పు తిని.

"ఇటు పక్క ఎందుకు కూర్చున్నావు?" అన్నాను.

"పిడి తావకు రానీడు వదినా ఆ పిల్లోడు. నువ్వు జైలుకు పొయ్యొచ్చినోడివి, దూరంగా ఉండు అంటాడు. ఈడ నుంచే సూస్తా ఉంటా, ఎవురన్నా వస్తే అరిసేదానికి."

గాలి లేదు ఆ రోజు. అతను నా చేతి సంచి వైపు, నా మొహం వైపు చూశాడు.

"నీకు సదువు వచ్చిందంట గదా."

"ఏదో, నిదానంగా."

"అయితే ఆ బోర్డు సదువు. కోర్టులో ఎవురెవురో సదివినారు. ఆ ఇంగిలీషు గోలలో నాకేం తెలుస్తాది. సరిగ్గా ఏముండాదో నాకు ఇంతవరకు తెలీదు."

రోడ్డు దాటి పోయి, బోర్డు ముందు నిలబడ్డాను. కొన్ని అక్షరాలు తుప్పు తినేసింది. వేలు పెట్టుకుని, అతనికి వినపడేటట్టు గట్టిగా చదివాను. "లైను మీద మనుషులు పని చేస్తున్నారు. స్విచ్ వేయరాదు."

ఏకాంబరం ఇంకా వింటున్నట్టే కూర్చున్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"కరెంటు కట్ చేసినామని లేదా?"

"లేదు."

"మీటరు గురించి?"

"ఏమీ లేదు ఏకాంబరం."

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూశాడు. "ఇంగోసారి సదువు వదినా," అన్నాడు.

మళ్ళీ చదివాను. రెండోసారి కూడా అదే ఉంది.

వసంతమ్మ, యాభై ఒక్క ఏళ్ళు, వడమాలపేట.